రాని వాడి కోసం ఎవరు వెళ్తారు? విశాఖ కొండవాలు కాలనీలో సాయంత్రం వాలీబాల్: ఒక కేస్ స్టడీ

మత్తు మీద జరిగే ఏ మీటింగుకి వెళ్ళినా ఎవరో ఒకరు లేచి "పిల్లలకి ఆటలు పెట్టండి, అన్నీ అవే సర్దుకుంటాయి" అంటారు. అందరూ తలూపుతారు. ఒక నెట్టు, నాలుగు బాల్స్ ఇచ్చి ఫోటో దిగి వెళ్ళిపోతారు. కొన్నాళ్ళకి ఆ పోల్స్‌కి ఎవరో తాడు కట్టి బట్టలారేసుకుంటూ ఉంటారు. నేను డీఅడిక్షన్ కౌన్సెలర్‌ని, అంటే మత్తు అలవాటు మానడానికి సాయం చేసేదాన్ని. విశాఖలో ఒక కొండవాలు కాలనీలో, రిటైరైన పీడీ (ఆటలు నేర్పే) మాస్టారు ఒకాయనతో కలిసి కొన్నేళ్ళుగా సాయంత్రం వాలీబాల్ నడుపుతున్నాను. ఇలాంటిది మొదలుపెట్టాలనుకునేవాళ్ళు నాకు ఫోన్ చేసి ముందు అడిగేది లైట్లు ఎక్కడ కొన్నారు, బాల్ ఏ కంపెనీది అని. అవీ చెప్తాను గానీ అసలు పని అక్కడ లేదు. రోజూ అదే టైమ్‌కి గ్రౌండ్‌లో ఒక పెద్దమనిషి ఉంటాడా, రాని కుర్రాడి కోసం వాళ్ళింటికి ఎవరైనా వెళ్తారా, ఈ రెండిటి మీదే మొత్తం ఆధారపడి ఉంది. వాలీబాల్ బదులు కబడ్డీ పెట్టినా మాకు పెద్ద తేడా ఉండేది కాదు.

కాలనీ పేరు, పిల్లల పేర్లు రాయను. ఆ కుర్రాళ్ళకి ఇప్పటికే "గంజాయి బ్యాచ్" అని పేరు పడిపోయింది. అక్కడి అడ్రస్ చెప్తే గేటెడ్ అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ పని కూడా ఇవ్వడానికి ఆలోచిస్తారు.

సరుకు ఎలా వస్తుంది, ఎప్పుడు తాగుతారు

విశాఖకి ఈ సమస్య ఎందుకు ఎక్కువో ఇక్కడివాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. పైన ఏజెన్సీ, అంటే గిరిజన కొండ ప్రాంతం, ఇప్పటి అల్లూరి సీతారామరాజు జిల్లా, ఆ పక్కన ఒడిశా బోర్డరు. శీలావతి రకం గంజాయి అక్కడి నుంచే దేశమంతా వెళ్ళేది. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో తోటలు నరికారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు, 2024 చివర్లో రాష్ట్రమంతటికీ మత్తు రవాణాని అడ్డుకోవడానికి ఈగల్ అనే ప్రత్యేక విభాగం, సమాచారం ఇవ్వడానికి 1972 అనే ఫోన్ నంబరు వచ్చాయి. పెద్ద లోడ్లు బయట రాష్ట్రాలకి పోయేవే, కానీ దారిలో ఉన్న ఊళ్ళో చిన్న పొట్లాలు ఎప్పుడూ మిగులుతూనే ఉంటాయి. వాటిని చేతులు మార్చడానికి పదహారు, పదిహేడేళ్ళ కుర్రాళ్ళు కావాలి.

ఇంకా చిన్నవాళ్ళది వేరే కథ. వాళ్ళకి గంజాయి కొనే డబ్బుండదు, వైట్‌నర్ గుడ్డలో పోసుకుని పీలుస్తారు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఢిల్లీ ఎయిమ్స్‌తో చేయించిన సర్వే రిపోర్టులో ఒక విషయం ఉంది: మిగతా మత్తులన్నీ పెద్దవాళ్ళలోనే ఎక్కువ, పీల్చే మత్తు ఒక్కటే పిల్లల్లో (1.17 శాతం) పెద్దవాళ్ళలో (0.58 శాతం) కంటే ఎక్కువ. మా కాలనీలో కూడా పదమూడేళ్ళ పిల్లల దగ్గర మేము చూసింది అదే.

మొదలుపెట్టే ముందు మాస్టారూ నేనూ చేసింది ఒక్కటే పని, సాయంత్రాలు కాలనీలో తిరగడం. ఎవరినీ ఏమీ అడగలేదు. ఏ టైమ్‌కి ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారో రాసుకున్నాం. పగలు పెద్దగా ఏమీ ఉండదు. చీకటి పడ్డాక, ఏడు నుంచి పది లోపు, వాటర్ ట్యాంకు వెనక మెట్ల మీద గుంపులు చేరతాయి. ఎందుకు ఆ టైమే అంటే, అమ్మలు అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసి ఎనిమిది దాటాక గానీ ఇళ్ళు చేరరు, నాన్నల్లో సగం మంది హార్బర్‌లో బోట్ల మీద ఉంటారు, మిగతావాళ్ళు వైన్ షాపు దగ్గర ఉంటారు. ఒకటే గది ఉన్న ఇంట్లో చెల్లి చదువుకుంటుంటే పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి కూర్చోడానికి చోటు ఉండదు. మెట్ల మీదకే వస్తాడు. అక్కడ ఎవరో ఒకరి దగ్గర సిగరెట్ ఉంటుంది, అందులో పొగాకు తీసేసి గంజాయి నింపి ఉంటుంది.

ఈ టైమ్ లెక్క మేము కనిపెట్టింది కాదు. 1986లో అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రంలో గ్లెనార్డెన్ అనే చిన్న ఊరి మేనేజరు జి. వాన్ స్టాండిఫర్ కూడా ఇలాగే గమనించాడు. ఊళ్ళో గొడవలన్నీ రాత్రి పది నుంచి రెండు మధ్యే జరుగుతున్నాయి. అయితే ఆ టైమ్‌లోనే బాస్కెట్‌బాల్ పెడదాం అన్నాడు. 17 నుంచి 21 ఏళ్ళ కుర్రాళ్ళకి, అర్ధరాత్రి పూట, పోలీసుల సమక్షంలో. 1989లో షికాగోలో ప్రభుత్వ ఇళ్ళ కాలనీల్లో మొదలుపెట్టినప్పుడు ఇంకో షరతు గట్టిగా పెట్టారు: ఆట తర్వాత జరిగే క్లాసుకి కూర్చోకపోతే ఆట లేదు. 1994లో అమెరికా నేరాల బిల్లు మీద గొడవలో రాజకీయ నాయకులు దీన్ని బాగా ఎగతాళి చేశారు. 2006లో వచ్చిన ఒక పరిశోధనలో ఈ ప్రోగ్రాం ఉన్న నగరాల్లో దొంగతనాల్లాంటి ఆస్తి నేరాలు మిగతా నగరాల కంటే ఎక్కువగా తగ్గాయని తేలింది. కానీ గ్రౌండ్‌కి వచ్చింది కొద్దిమందే కాబట్టి తగ్గుదల అంతా ఆట పుణ్యమే అనడానికి రాసినవాళ్ళే వెనకాడారు. నాకు ఆ వెనకాడటం నచ్చింది.

లైటు, నెట్టు, వల

క్రికెట్ ఎందుకు పెట్టలేదని ఇప్పటికీ అడుగుతారు. క్రికెట్‌లో ఇద్దరు బ్యాటింగ్ చేస్తుంటే మిగతా టీమంతా గోడ మీద కూర్చుంటుంది, కూర్చోవడమే మా సమస్య. పైగా స్థలం లేదు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లు బై 9 మీటర్లు, పన్నెండు మంది ఒకేసారి కదులుతారు, పదిహేను పాయింట్ల సెట్టు తొందరగా అయిపోతుంది, బయట ఉన్నవాడు ఎక్కువసేపు ఎదురుచూడక్కర్లేదు. ఇంకోటి, గంజాయి తాగి వచ్చినవాడికి బాల్ దూరం అందదు, చెయ్యి ఆలస్యంగా లేస్తుంది. ఎవడు ఎలా ఉన్నాడో మాస్టారు రెండు సర్వీసుల్లో పట్టేస్తారు, నోరు వాసన చూడక్కర్లేదు.

కమ్యూనిటీ హాల్ పక్కన ఖాళీ జాగా దొరికింది. నాలుగు ఎల్ఈడీ ఫ్లడ్ లైట్లు, ఒక్కోటి 200 వాట్లు. రెండున్నర గంటలు వేస్తే రోజుకి రెండు యూనిట్లు, నెలకి అరవై. వీధి లైటు వైరుకి కొక్కెం తగిలించుకుందాం అని కుర్రాళ్ళు ఉత్సాహపడ్డారు గానీ హాల్ మీటరు నుంచే తీసుకున్నాం, ఎవరైనా కంప్లయింట్ చేస్తే మొదటి రోజే మూతపడేది. బాల్ రబ్బరుది, కాస్కో. తోలు బాల్ ఆ రాళ్ళ నేల మీద నెల కూడా ఆగదు. కిందికి వాలు కాబట్టి బాల్ పోతే మూడు వీధుల కింద దొరికేది, దారిలో రెండు రేకులు పగిలేవి, ఆ రేకుల ఇంటావిడ తిట్లు వేరే. హార్బర్‌లో పనిచేసే ఒక నాన్న పాత వల తెచ్చి, వాలు వైపు మొత్తం కట్టి, వదులైన చోటల్లా తనే కూర్చుని అల్లాడు. అంతవరకూ ఆయన కొడుకు గ్రౌండ్‌కి రాలేదు, ఆ తర్వాత వచ్చాడు.

టైమ్ ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర, ఆ తర్వాత అరగంట ఉడకబెట్టిన శనగలు, ఒక గుడ్డు. ఈ అరగంటని చాలామంది ఖర్చు తగ్గించడానికి తీసేస్తారు. నా పని మొత్తం ఆ అరగంటలోనే జరుగుతుంది. షికాగో వాళ్ళలా క్లాసు పెట్టలేదు. ఆకలితో ఉన్న కుర్రాడు శనగలు నములుతూ చెప్పే మాట క్లాసులో చెప్పడు.

ఆదివారం సెలవు ఇవ్వలేదు. సెలవు ఏ రోజు ఇస్తే ఆ రోజు మెట్లు నిండుతాయి.

మంచి పిల్లలు వచ్చి అసలు పిల్లల్ని తోసేయడం

ఇది కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే నేను చూసిన ఇలాంటి ప్రోగ్రాములు ఎక్కువగా ఇక్కడే దారి తప్పాయి, పైకి మాత్రం అంతా విజయంలా కనిపిస్తుంది.

లైట్లు వెలిగిన కొన్ని వారాలకి గ్రౌండ్ కిటకిటలాడిపోయింది. పక్క కాలనీల నుంచి బైకుల మీద వచ్చేవాళ్ళు, కాలేజీ టీముల్లో ఆడేవాళ్ళు, షూస్ వేసుకుని వచ్చేవాళ్ళు. ఆట స్థాయి పెరిగింది. చూసేవాళ్ళు చప్పట్లు కొట్టారు, కార్పొరేటర్ వచ్చి వెళ్ళారు. రిజిస్టర్ తీసి చూస్తే మేము ఎవరి కోసం లైట్లు పెట్టామో ఆ మెట్ల గుంపులో సగం మంది లేరు. వాళ్ళని ఎవరూ వెళ్ళగొట్టలేదు. టీములు ఎంచుకునేటప్పుడు చివర మిగిలిపోతారు, ఒక సెట్టు ఆడించి "బావా, నువ్వు తర్వాత దిగు" అంటారు, ఆ తర్వాత అనేది రాదు, రెండు రోజులు గట్టు మీద కూర్చుని మూడో రోజు మెట్ల మీదకే పోతారు. గంజాయి అలవాటున్న కుర్రాడు టైమ్‌కి రాడు, ఒళ్ళు బరువు, కోపం ఎక్కువ, ఆట అంతంతమాత్రం. ఏ టీముకైనా అలాంటివాడు భారమే. మంచి ఆట కావాలా, ఆ కుర్రాడు కావాలా అని గ్రౌండ్ రోజూ మనల్ని అడుగుతూనే ఉంటుంది.

మాస్టారు దీనికి చీటీలు తెచ్చారు. రోజూ టీములు చీటీ తీసి వేయడమే, ఎవరూ ఎవరినీ ఎంచుకోరు. బయట కాలనీ వాళ్ళు ఒక్కో టీములో ఇద్దరికి మించి ఉండకూడదు. ఎంత బాగా ఆడినా వరసగా రెండు సెట్లే. బాగా ఆడేవాళ్ళు అలిగారు, కొంతమంది మానేశారు, వాళ్ళకి పొద్దున్న ఆరింటికి వేరే ప్రాక్టీస్ పెట్టి పంపేశాం. చూడ్డానికి ఆట పలచబడింది. మెట్ల మీద వాళ్ళు తిరిగొచ్చారు.

టోర్నమెంట్ల సంగతీ ఇలాంటిదే. సంక్రాంతికి పదివేలు ప్రైజ్ మనీ అని ఫ్లెక్సీ కడతారు, గెలిచిన టీము ఆ రాత్రే ఆ డబ్బుతో మందు పార్టీ చేసుకుంటుంది. ఓడినవాళ్ళూ చేసుకుంటారనుకోండి. ఆటల్లో ఉన్న కుర్రాళ్ళలో గంజాయి కాని ఇతర డ్రగ్స్ వాడకం తక్కువగా, మద్యం మాత్రం ఎక్కువగా కనిపిస్తుందని పరిశోధనల సమీక్షలు చెప్తున్నాయి, గంజాయి విషయంలో ఒక్క మాట మీద లేవు. ఐస్లాండ్ పరిశోధకులు ఇంకా సూటిగా చూశారు: కోచ్ ఉండి, టైమ్ ఉండి, క్లబ్ పద్ధతిలో ఆడే పిల్లల్లో మద్యం తక్కువ, తమంతట తాము గుంపుగా చేరి ఆడేవాళ్ళలో అలా తగ్గలేదు. అంటే బాల్ ఇచ్చి వదిలేస్తే కాదు, పక్కన ఎవరుంటారన్నది లెక్క. మేము ప్రైజ్ మనీ ఉన్న టోర్నమెంటుకి మా పేరుతో టీముని పంపం.

ఒకసారి ఒక "అన్న" వచ్చాడు. జెర్సీలు ఇస్తానన్నాడు, వెనక తన పేరు, ముందు తన ఫోటో. ఆయన దగ్గరి మనుషులు ఏం అమ్ముతారో కాలనీలో అందరికీ తెలుసు. మాస్టారు కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ తెప్పించి, "మాకు జెర్సీలెందుకు బాబూ, మావాళ్ళు చొక్కా విప్పేసి ఆడతారు" అని పంపించేశారు. గొడవేమీ జరగలేదు. కొన్నాళ్ళు ఆయన బైకులు రెండు గ్రౌండ్ పక్కన ఆగేవి, అంతే.

రిజిస్టర్ ఏం చెప్తుంది

మామూలు స్కూలు హాజరు పుస్తకమే. పేరు, వచ్చిన టైమ్, ఎవరితో వచ్చాడు, ఎప్పుడు వెళ్ళాడు. రాని వాళ్ళ పేరు ఎర్ర ఇంకుతో. రెండు రోజులు వరసగా ఎర్ర పడితే మూడో రోజు పొద్దున్న నేనో, మా వాలంటీరో ఇంటికి వెళ్తాం. తనిఖీకి వచ్చినట్టు కాదు, "నిన్న రాలేదు, టీములో ఒకడు తక్కువ పడ్డాడు" అని.

కొన్నాళ్ళు చూస్తే పుస్తకమే మాట్లాడుతుంది. ఒకడే రాకపోతే ఎక్కువసార్లు జ్వరమో ఓవర్‌టైమో అయి ఉంటుంది. ఇద్దరు కలిసి మానేస్తే తప్పకుండా వెళ్ళాలి. జీతాలొచ్చే మొదటి వారం, శనివారం రాత్రి ఎర్ర ఇంకు ఎక్కువ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది కదా, బోట్లన్నీ జెట్టీలో కట్టేసి నాన్నలు ఇళ్ళ దగ్గరే ఉంటారు, చేతిలో డబ్బు ఉండదు, ఇంట్లో రోజూ గొడవ. ఆ రెండు నెలలు కుర్రాళ్ళు ఆరింటికే వచ్చి ఖాళీ గ్రౌండ్‌లో కూర్చునేవాళ్ళు. అందుకని ఆ సీజన్‌లో మాస్టారు కూడా ఆరింటికే వచ్చేస్తారు. అక్టోబర్, నవంబర్ వానలు, తుపాన్లు మాత్రం మా చేతిలో లేవు. గ్రౌండ్ బురద అయిపోతే హాల్లో క్యారమ్స్ పెడతాం, నలుగురు ఆడతారు, ఎనిమిది మంది చూస్తారు, మిగతావాళ్ళు జారుకుంటారు. మానేసి మళ్ళీ తాగడం మొదలుపెట్టినవాళ్ళలో ఎక్కువమంది మొదలుపెట్టింది ఆ వానల వారాల్లోనే.

ఒక కుర్రాడి కేసు

అతన్ని సెటర్ అని పిలుస్తాను, అతను ఆడేది ఆ స్థానంలోనే, పక్కవాడు కొట్టడానికి బాల్ పైకి లేపి ఇచ్చే స్థానం. వచ్చినప్పటికి పదిహేడేళ్ళు. పాలిటెక్నిక్‌లో బ్యాక్‌లాగ్స్ పేరుకుపోయి రెండో ఏడాదిలో మానేశాడు. నాన్న బోటు మీద, అమ్మ అపార్ట్‌మెంట్లలో హౌస్‌కీపింగ్. గంజాయి రోజూ. చీటీల పద్ధతి వచ్చాక గ్రౌండ్‌లో నిలబడ్డాడు, వేళ్ళు మంచివి, బాల్ పైకి లేపితే ఎవరైనా కొట్టాలనిపించేలా లేపేవాడు.

ఒక రాత్రి ఎనిమిది దాటాక వచ్చాడు. కళ్ళు ఎర్రగా, పెదాలు ఎండిపోయి, ఎవడేమన్నా నవ్వు. మా దగ్గర రూలు ఒకటుంది: మత్తులో వస్తే ఆట లేదు, కానీ ఇంటికి పొమ్మనడం కూడా లేదు. పొమ్మంటే ఇంటికి పోడు, మెట్ల మీదకి పోతాడు, రేపట్నుంచి ఇక్కడికి రాడు. మాస్టారు అతని వైపు చూడకుండానే అన్నారు, "ఒరే, ఈవేళ స్కోరు నువ్వు చూడు."

"ఆడతాను మాస్టారూ, ఏం అవలేదు."

"అవలేదులే. చాక్‌పీస్ తీస్కో."

బోర్డు దగ్గర కూర్చుని పద్నాలుగు రెండుసార్లు రాశాడు, పదకొండుని ఎగరేశాడు. ఆడేవాళ్ళు నవ్వారు, మాస్టారు వాళ్ళ మీద ఒక్క కేక వేశారు, అంతే. శనగల టైమ్‌లో నేను పక్కన కూర్చుని గంజాయి గురించి అడగలేదు, మధ్యాహ్నం ఏం తిన్నావని అడిగాను. ఏమీ తినలేదు. రెండు గుడ్లు తిన్నాడు. లేచేముందు అడిగాడు, "అక్కా, అమ్మతో చెప్పీస్తారా?"

"నీతో చెప్పకుండా ఎవరితోనూ చెప్పను."

తర్వాత చాలా రోజులకి గానీ అసలు విషయం బయటపడలేదు. తాగడమే కాదు, పొట్లాలు చేరవేస్తున్నాడు. చేతిలో ఉన్న కొత్త ఫోన్ ఆ డబ్బుతో కొన్నదే. ఇక్కడ చట్టం గురించి కుర్రాళ్ళకీ తల్లులకీ ఒక మాట తెలిసి ఉండాలి, చాలామందికి తెలీదు. పద్దెనిమిది నిండని పిల్లల చేత మత్తు పదార్థాలు మోయించినా, అమ్మించినా 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కింద ఆ పని చేయించినవాడికి ఏడేళ్ళ దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇక అలవాటుపడినవాడు తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకి వెళ్తే, వాడకం లేదా చిన్న మోతాదు కేసుల్లో విచారణ నుంచి మినహాయింపు పొందే వీలు 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మత్తు పదార్థాల) చట్టం 64ఏ సెక్షన్‌లో ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయికి చిన్న మోతాదు అంటే ఒక కిలో లోపు. మోసేవాడికి ఈ లెక్కలు తెలీవు, మోయించేవాడికి బాగా తెలుసు.

సెటర్‌తో మాట్లాడాక, అతను ఒప్పుకున్నాకే అమ్మని పిలిచాం. ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి తీసుకెళ్దాం అంటే ఆవిడ భయపడిపోయింది, "పిచ్చాసుపత్రికా తల్లీ, రేపు పిల్లనెవరిస్తారు?" అంది. నేను కూడా వెంట వెళ్తాననేసరికి ఒప్పుకుంది. గంజాయి ఆపిన మొదటి వారం, రెండు వారాలు నిద్ర ఉండదు, ఆకలి ఉండదు, ఊరికే కోపం. ఇది ముందే ఇంట్లో చెప్పకపోతే "మానేశాక ఇంకా చెడిపోయాడు" అనుకుంటారు. గ్రౌండ్‌లో ఆ రోజుల్లో రెండు కొట్లాటలు పెట్టాడు, ఒకడి చొక్కా చింపాడు. మాస్టారు శిక్ష వేయకుండా లైట్ల స్విచ్ బాక్స్ తాళం ఇచ్చారు. రోజూ ముందు వచ్చి లైట్లు వేయాలి, చివర ఆపి వెళ్ళాలి. వాడు రాకపోతే ఆట లేదు. మిగతా కుర్రాళ్ళే ఇంటికెళ్ళి లాక్కొచ్చేవాళ్ళు.

మోయించిన వాళ్ళు ఫోన్లు చేశారు, బెదిరించారు. సిమ్ మార్పించాం, కొన్ని నెలలు రాత్రిపూట ఒంటరిగా ఇంటికి పంపలేదు. నాన్న వేట నిషేధంలో ఇంటికొచ్చినప్పుడు విషయం తెలిసి కొట్టబోతే మాస్టారు వెళ్ళి కూర్చున్నారు, ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. సెటర్ ఇప్పుడు ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేస్తున్నాడు. మధ్యలో ఒక పెళ్ళిలో మళ్ళీ తాగాడు, తనే వచ్చి చెప్పాడు. పూర్తిగా మానేశాడని నేను రాయను. రోజూ తాగేవాడు రోజూ తాగడం లేదు, మోయడం లేదు.

అతనితో పాటే వచ్చిన ఇంకొకడు నిలబడలేదు. ఇంటికి వెళ్ళాం, ఓపీకి తీసుకెళ్ళాం, తాళం ఇచ్చాం, అన్నీ చేశాం. ఒడిశా బోర్డరు దగ్గర లోడుతో దొరికాడు, అప్పటికి పద్దెనిమిది నిండాయి. ఇప్పుడు బెయిలు కోసం వాళ్ళమ్మ తిరుగుతోంది.

పోలీసులు, అమ్మలు, ఆడపిల్లలు

గ్లెనార్డెన్‌లో యూనిఫాం వేసుకున్న పోలీసులు కోర్టు పక్కన నిలబడేవారట. ఇక్కడ అలా చేస్తే ఒక్కడూ రాడు. స్టేషన్‌తో మాట్లాడుకున్నది ఒక్కటే: గ్రౌండ్‌లోంచి ఎవరినీ ఎత్తుకెళ్ళొద్దు, మేము కూడా గ్రౌండ్‌ని ఎవరికీ దాక్కునే చోటు కానివ్వం. బీట్ కానిస్టేబుల్ ఒకతను శనివారాలు లుంగీ, టీషర్టులో వచ్చి ఆడిపోతాడు. చీటీలో ఏ టీము వస్తే ఆ టీమే.

ఐస్లాండ్ గురించి అందరూ గొప్పగా చెప్తారు, చెప్పాల్సిందే. 1998లో పదిహేను, పదహారేళ్ళ పిల్లల్లో 42 శాతం మంది గత నెలలో తాగి తూలినవాళ్ళు, 2016కి అది 5 శాతం. గంజాయి ఎప్పుడైనా వాడినవాళ్ళు 17 నుంచి 7 శాతానికి వచ్చారు. కానీ అది ఆటల వల్లే అని చెప్పేసి ఊరుకుంటారు. అక్కడ సాయంత్రాలు పిల్లలు బయట తిరగడానికి టైమ్ పెట్టారు, తల్లిదండ్రులు గుంపులుగా వీధుల్లో నడిచారు, రాజధాని రెయిక్యావిక్‌లో పిల్లలందరికీ క్లబ్ ఫీజు కోసం ఏటా డబ్బు ఇచ్చారు, పొగాకు పద్దెనిమిది, మద్యం ఇరవై లోపు అమ్మనివ్వలేదు. మాకు ఆ డబ్బు లేదు, ఆ చట్టాల అమలు లేదు. వీధిలో నడవడం ఒక్కటే తీసుకున్నాం. మెప్మా (పట్టణ డ్వాక్రా) సంఘాల పని చూసే ఆర్పీ ఒకావిడ చొరవతో తొమ్మిదిన్నర తర్వాత నలుగురైదుగురు అమ్మలు టార్చి పట్టుకుని మెట్ల దాకా వెళ్ళొస్తారు. ఎవరినీ తిట్టరు. "భోజనం అయిందా బాబూ" అంటారు. ఎవరి పిల్లాడైనా అదే మాట. ఇది కొత్తలో రోజూ జరిగేది, ఇప్పుడు వారానికి రెండు మూడు రోజులే, అలసిపోతున్నారు పాపం, పొద్దున్నే పనికి పోవాలి.

ఆడపిల్లలకి ఏడున్నర కుదరదు, ఏ తల్లీ పంపదు. వాళ్ళకి ఐదున్నర నుంచి ఏడు దాకా త్రోబాల్. "మత్తుకి దూరంగా" అనే ప్రోగ్రాముల్లో ఆడపిల్లలు ఎందుకని ఒకరు అడిగారు. అన్నదమ్ముల సంగతులు మాకు ముందుగా తెలిసేది వాళ్ళ వల్లే, అదొక్కటే కాదు, లైట్లు వాళ్ళవి కూడా.

ఎక్కడ పనికొచ్చింది

అప్పుడప్పుడు తాగేవాళ్ళు, ఇంకా మొదలుపెట్టనివాళ్ళు, తమ్ముళ్ళ వయసు పిల్లలు, వీళ్ళకి బాగా పనికొచ్చింది. మెట్ల మీద గుంపు చిన్నదైంది, అది కాలనీలో ఎవరినడిగినా చెప్తారు. రోజూ తాగేవాళ్ళకి ఆట ఒక్కటే ఏమీ చేయలేదు, ఆట వల్ల వాళ్ళు మాకు దొరికారు, ఆసుపత్రి దాకా తీసుకెళ్ళగలిగాం. వైట్‌నర్ పీల్చే చిన్నపిల్లల దగ్గర దాదాపు ఏమీ సాధించలేదు. వాళ్ళు బడి మానేసి చెత్త ఏరుకునే పిల్లలు, సాయంత్రానికి నిద్రపోతారు, వాళ్ళ టైమ్ మా టైమ్ కాదు, వాళ్ళకి పగటి మనిషి కావాలి. శాతాల్లో చెప్పమని దాతలు అడుగుతారు. మూత్ర పరీక్షలు మేము చేయం, చేస్తే గ్రౌండ్ ఖాళీ అవుతుంది. రిజిస్టర్ చూపిస్తాం, ఓపీ చీటీలు చూపిస్తాం, అంతకుమించి చూపించడానికి మా దగ్గర లేదు.

డబ్బు విషయానికొస్తే లైట్లు ఒకసారి కొంటే అయిపోయింది, బాల్స్ పెద్ద ఖర్చు కాదు. పెద్దవి రెండే, శనగలు గుడ్లు, రోజూ గ్రౌండ్‌లో నిలబడే మనిషి జీతం. దాతలకి మొదటిది "ఫుడ్", రెండోది "అడ్మిన్", రెండూ కోసేసి జెర్సీలకి ఇస్తామంటారు. మాస్టారికి ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, కుర్చీలోంచే విజిల్ వేస్తున్నారు. ఆయన దగ్గర నేర్చుకున్న ఇద్దరు పెద్ద కుర్రాళ్ళకి నెలకి కొంత ఇచ్చి వంతులవారీగా పెట్టాం. వాళ్ళలో ఒకడు ఒకప్పటి మెట్ల బ్యాచే. తల్లులకి అతనంటే ఇంకా అనుమానం, కుర్రాళ్ళు మాత్రం మాస్టారి కంటే అతని మాటే వింటున్నారు.

ఇప్పుడు మాకు మిగిలిన పెద్ద ఖాళీ ఫుడ్ డెలివరీ కుర్రాళ్ళు. ఏడున్నర నుంచి పదిన్నర దాకా వాళ్ళకి ఆర్డర్ల టైమ్, పని అయ్యాక చేతిలో ఆ రోజు డబ్బు, ఒళ్ళు నొప్పులు, నిద్ర పట్టదు. పదకొండుకి ఒక గంట కోర్టు ఇవ్వమని వాళ్ళే అడిగారు. లైట్లకి అభ్యంతరం లేదు, బాల్ చప్పుడుకి పక్కిళ్ళవాళ్ళు ఒప్పుకోవడం లేదు, స్టేషన్ పర్మిషన్ కావాలి. చప్పుడు తక్కువని షటిల్‌తో మొదలుపెడదాం అంటున్నారు మాస్టారు. రాకెట్లు ఎవరైనా ఇస్తే తీసుకుంటాం, ఫోటో లేకుండా.

మీ ఇంట్లోనో వీధిలోనో అవసరం పడితే: మత్తు మానడానికి సంబంధించిన జాతీయ హెల్ప్‌లైన్ 14446, మానసిక సహాయానికి టెలి మానస్ 14416. రెండూ ఉచితం, టెలి మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.